పాత కంప్యూటరు: దోషనిర్ణయము



నేను తెలుగు పండితుడను. ముప్పదిమూడు సంవత్సరములు బాలురకు సంధులును సమాసములును బోధించి, కొన్ని యేండ్ల క్రిందట విశ్రాంతి గైకొంటిని. ఇట్టివాడు కంప్యూటరును గురించి ప్రసంగింప బూనుట మీలో కొందరికి వింతగా దోచవచ్చును. నేను యంత్రవిద్య చదివినవాడను కాను. కాని నిరుడు మా యింట ఒక పాత కంప్యూటరునకు పట్టిన జబ్బును కనుగొనుటలో, బాల్యమున గురువుగారి సన్నిధిని చదివిన తర్కము నాకు మిక్కిలి యుపకరించినది. ఆ తర్కమును మొదటనే ఉపయోగింపకపోవుటచే ఒక తప్పు కూడ చేసితిని. ఆ రెండును మీకు మనవి చేయుటకే నేటి యీ ప్రసంగము.

ఇప్పుడు మన యూళ్లలో అనేకుల యిండ్లయందు, పట్టణములనున్న బిడ్డలు వాడి విడిచిన పాత కంప్యూటరులు ఉన్నవి. అవి నడచుచు నడచుచు, ఎవరును మీట నొక్కకయే, హఠాత్తుగా ఆరిపోయి మరల మొదటినుండి ఆరంభమగుచుండును. చేయుచున్న పని అంతయు పోవును. ఒకమారు జరిగిన ఓర్చుకొందుము. దినమునకు రెండు మూడు మారులు జరిగిన ఎవరికైనను విసుగు పుట్టును. విసుగులో మనుష్యుడు తీర్పు చెప్పుటకు తొందరపడును. నేనును అట్లే తొందరపడితిని.

మా యింటనున్న కంప్యూటరు 2010వ సంవత్సరమున నా కుమారుడు కొన్నది. అతడు వేరొకటి కొనుక్కొని దీనిని నాకు విడిచెను. దానియందు నేను ఏడు సంవత్సరములుగా ఒక పని చేయుచున్నాను. మా చుట్టుప్రక్కల ముసలి రైతులును, వడ్రంగులును, సాలెవారును, కుమ్మరులును తమ పనిలో వాడు మాటలను సేకరించి, అర్థములతో అక్షరక్రమమున వ్రాసి పెట్టుచున్నాను. నాగలికి సంబంధించిన మేడి, కర్రు, కాడి మొదలుకొని, కపిలె బాన, దాని తొండము వరకు నాలుగువేలకు పైగా మాటలు చేరినవి. కపిలెలు పోయి చాలకాలమైనది. వాని పేళ్లు చెప్పిన పెద్దలలో పలువురు నేడు లేరు. ఆ పని పోయినచో మరల ఎవరిని అడుగుదును?

నా చూపు మందగించినందున, పొరుగింటి బాలుడొకడు, తొమ్మిదవ తరగతివాడు, బడి విడిచిన పిమ్మట వచ్చి, నేను చెప్పుచుండగా అక్షరములు కొట్టుచుండెను. ఒకనాడు వాడు పెన్‌డ్రైవులో ఒక ఆట తెచ్చి కంప్యూటరులో ఎక్కించెను. ఆ వారమే ఈ జబ్బు మొదలైనది. అదియు సాయంకాలము, వాడు కూర్చుండియున్నపుడే. ఇక నాకు సాక్ష్యము వేరే కావలెనా? “నీ యాటవలననే యిది చెడినది, ఇక రావలదు” అంటిని. “నేనేమీ చేయలేదండి, మాష్టారూ” అని వాడు రెండుమారులు చెప్పెను. నేను వినలేదు. వాడు తల వంచుకొని పోయెను. తాటిచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లే యందురు గదా!

ఆ యాటను తొలగింపించితిని. జబ్బు పోలేదు. పట్టణములోని ఒక దుకాణమునకు కబురు పంపగా, వారు యంత్రమును చూడకయే, “మదర్‌బోర్డు పోయియుండును, క్రొత్త కంప్యూటరు కొనుడు” అనిరి. అప్పుడు నాకు సిగ్గు కలిగినది. చూడకుండ తీర్పు చెప్పిన ఆ దుకాణమువారికిని, పరీక్షింపక బాలుని వెడలగొట్టిన నాకును భేదమేమి?

మన శాస్త్రములలో కాకతాళీయ న్యాయమని యున్నది. కాకి వచ్చి తాటిచెట్టుపై వ్రాలెను; అప్పుడే పండు రాలెను. చూచినవాడు కాకియే పండును రాల్చినదనుకొనును. పండు తనంత తానే పండి రాలియుండవచ్చును. రెండు పనులు ఒకే వేళ జరిగినంతమాత్రమున ఒకటి రెండవదానికి కారణము కాదు. కారణమును నిర్ణయించుటకు రెండు పరీక్షలు కావలెను. ఇది యున్నచో అది యుండునా? ఇది లేనిచో అది లేకుండునా? మొదటిది అన్వయము, రెండవది వ్యతిరేకము. నేను మొదటిదానిని సగము చూచి, రెండవదానిని చూడనే లేదు.

అంతట నేను క్రమముగా పని మొదలిడితిని. ఆ క్రమమునే మీకు చెప్పెదను.

అన్నిటికంటె ముందు రక్షణము. ఇల్లు అంటుకొన్నపుడు ఎవరు నిప్పు పెట్టిరని విచారింపము. బియ్యమును, పెట్టెలను వెలుపలికి తెచ్చుకొందుము. కంప్యూటరు మాటిమాటికి ఆరిపోవుచున్నచో, లోపల వ్రాయుచున్న పుట సగములో తెగి, ఉన్న వ్రాత కూడ చెడవచ్చును. కావున మరమ్మతునకు పూనుకొనకముందే ముఖ్యమైన కాగితములను, ఛాయాచిత్రములను పెన్‌డ్రైవులోనికి ఎక్కించుకొనుడు. రెండు ప్రతులు తీసి రెండు చోట్ల ఉంచుడు. యంత్రము ఐదు నిమిషములైనను నిలువనిచో, తెలిసినవారిచేత హార్డుడిస్కును ఊడదీయించి, తగిన తీగెతో వేరొక కంప్యూటరునకు తగిలించి వ్రాతలను తీసికొనవచ్చును. నేను తెల్లవారుజామున లేచి, నా నాలుగువేల మాటలను రెండు ప్రతులుగా తీసితిని. అటుపిమ్మటనే నా మనస్సు కుదుటబడినది.

రెండవది, రోగిని మాటలాడనిచ్చుట. విండోసు నడుచు కంప్యూటరులో గొప్ప పొరపాటు కలిగినపుడు, అది నీలిరంగు పుటపై ఆ పొరపాటు పేరు వ్రాసి చూపును. కాని వెంటనే తిరిగి ఆరంభము కావలెనని నియమ మేర్పరచియున్నందున, చదువకముందే ఆ పుట మాయమగును. ఆ నియమమును తీసివేయవలెను. ‘కంప్యూటర్’ అను బొమ్మపై మౌసు కుడిమీట నొక్కి, ‘ప్రాపర్టీస్’, అందు ‘అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్’, అందు ‘స్టార్టప్ అండ్ రికవరీ’ తెరచి, ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ అనుదాని యెదుటి గుర్తును తొలగింపుడు. ఇక నీలిపుట వచ్చినచో నిలిచియుండును. అందలి అక్షరములను ఉన్నవున్నట్లు కాగితముపై వ్రాసికొనుడు. అవి తెలిసినవానికి చాల సంగతులు చెప్పును.

నా యంత్రమున నీలిపుట రాలేదు. దీపమును ఊదినట్లు ఆరిపోయి మరల లేచుచుండెను. యంత్రము తనకు తాను వ్రాసికొను దినచర్యలో ప్రతిమారును 41 అను సంఖ్య కనబడెను. సరిగా మూయకుండ యంత్రము ఆగి తిరిగి లేచెనని మాత్రమే దాని యర్థము. అది రోగము పేరు కాదు. రోగి పడిపోయెనన్న వార్త. అయినను నీలిపుట రాకుండ ఆరిపోవుటచే, దోషము కరెంటులోనో, వేడిమిలోనో ఉండవచ్చునన్న అనుమానము బలపడినది.

మూడవది, లెక్క వ్రాయుట. ఒక నోటుపుస్తకము తీసికొని, యంత్రము ఆరిన ప్రతిమారును తేదీ, గంట, పెట్టి యెంతసేపైనది, ఏ పని జరుగుచుండెను, ఇంటి దీపములు మినుకుమనెనా అని వ్రాసితిని. పండ్రెండు దినములలో పదునాలుగు మారులు ఆరినది. అందు పదకొండు సాయంకాలము ఆరు మొదలు ఎనిమిది గంటల లోపల; మూడు మిట్టమధ్యాహ్నము; తెల్లవారుజామున ఒక్కటియు లేదు. ఆ పండ్రెండు దినములలో బాలుడు మా గడప త్రొక్కలేదు. వాడు సాయంకాలము వచ్చుచుండెను, జబ్బును సాయంకాలమే వచ్చుచుండెను. రెంటికిని కలిసినది వేళ మాత్రమే!

నాలుగవ పరీక్ష దీనిని స్థిరపరచినది. కంప్యూటరు మేల్కొనునపుడు, విండోసు రాకముందు, ఒక మీటను నొక్కినచో ‘బయాస్’ అను పుట వచ్చును. ఆ పుటలో నున్నంతసేపు విండోసు కాని, ఆటలు కాని, వైరసు కాని నడువవు. ఒక సాయంకాలము యంత్రమును ఆ పుటయందే నిలిపి ఎదుట కూర్చుంటిని. ఏడు గంటల పది నిమిషములకు అది ఆరి మరల లేచెను. ఆట లేని చోటను జబ్బు ఉన్నది. అనగా ఆట కారణము కాదు. 

అసలు కారణము నాకింకను తెలియలేదు. అయినను దోషి దొరకువరకు నిర్దోషిని నిలిపియుంచుట న్యాయము కాదు. ఆ రాత్రియే పొరుగింటికి పోయి, వాని తల్లిదండ్రుల యెదుటనే, “తప్పు నాదిరా నాయనా, ఊరకే నిన్నంటిని” అంటిని. వాని తండ్రి నా వద్ద చదివినవాడే. “అంతమాటెందుకండి, మాష్టారూ” అని లేచి నిలువబడెను. బాలుడు మాత్రము ఏమియు అనలేదు. మరునాడు బడి విడువగానే వచ్చి కంప్యూటరు ముందు నిలిచి, “అయితే దీనికేమైందండి?” అని అడిగెను. అప్పటినుండి ఇద్దరమును కలిసి వెదకితిమి. నా చేత నోటుపుస్తకము. వాని వద్ద మంచి కండ్లు.

వెదకుటలో ఒక నియమము పెట్టుకొంటిమి. ఖర్చు లేనిది, అపాయము లేనిది మొదట. ఒకమారు ఒక్క మార్పే. రెండు మందులు ఒకేసారి మ్రింగినవానికి ఏది కుదిర్చినదో తెలియదు గదా!

మొదట వెలుపలి భాగములు చూచితిమి. ప్లగ్గు వదులా? గోడలోని రంధ్రములు కాలినవా? వెనుక తగిలించు తీగె కదలుచున్నదా? వేరొక ప్లగ్గులో పెట్టి చూచితిమి; మార్పు లేదు. పెట్టె ముందు తిరిగి ఆరంభించుటకై ఒక చిన్నమీట యుండును. దుమ్ము చేరి అది లోపలనే ఇరుకుకొన్నచో, ఎవరో మాటిమాటికి నొక్కుచున్నట్లే యుండును. దాని తీగెను మదర్‌బోర్డునుండి ఊడదీసి చూచితిమి. అదియు కాదు.

పిమ్మట పెట్టె తెరచితిమి. తెరచుటకు ముందు ప్లగ్గును గోడనుండి పూర్తిగా తీయవలెను. మీట ఆర్పిన చాలదు. ప్లగ్గు తీసిన తరువాత ముందరి మీటను కొన్ని క్షణములు నొక్కిపట్టి, పెట్టె యినుమును చేతితో తాకి, తరువాత లోపలి భాగములను ముట్టవలెను. మన శరీరమున నిలిచియుండు విద్యుత్తు కంటికి కనబడకున్నను సున్నితమైన భాగములను చెరుపగలదు.

లోపల చూచితిమి గదా, పదునాలుగేండ్ల దుమ్ము! ఒక మూల చీమల పుట్ట, వేరొక మూల ఎండిన బల్లి. పురుగులు కంప్యూటరులో జొరబడుట మన యూళ్లకే పరిమితము కాదు. 1947వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ‘మార్క్ 2’ అను పెద్ద గణనయంత్రము తప్పుగా నడువగా, పనివారు లోపల వెదకి, ఇరుకుకొన్న చిమ్మెట నొకదానిని పట్టి, దినచర్య పుస్తకములో అంటించి వ్రాసిపెట్టిరి. ఆ పుట నేటికిని అమెరికాలోని ఒక వస్తుప్రదర్శనశాలలో ఉన్నది. వారు చేసిన మంచిపని రెండు మాటలలో ఉన్నది: తెరచి చూచిరి, చూచినది వ్రాసిరి.

యంత్రమునకు మెదడువంటి ప్రోసెసరు పనిచేయునపుడు మిక్కిలి వేడెక్కును. దానిపై లోహపు రేకులును, వానిపై ఫ్యానును ఉండి ఆ వేడిమిని గాలిలో కలుపును. రేకుల సందులు దుమ్ముతో పూడినచో వేడిమి పోవు దారి లేదు. అప్పుడు ప్రోసెసరు మొదట తన వేగమును తగ్గించుకొనును. వేడిమి ఇంకను మితిమీరినచో, కాలిపోకుండ తనను తాను ఆర్పుకొనును. మెత్తని కుంచెతో దుమ్ము దులిపితిమి. దులుపునపుడు ఫ్యాను రెక్కలను వ్రేలితో పట్టుకొనవలెను. ప్రోసెసరునకును రేకులకును నడుమ ఎండిపోయిన లేపనమును తుడిచి, బియ్యపుగింజంత క్రొత్తది పెట్టితిమి. ఏటేట అరగంట దులిపియున్నచో ఇంతవరకు రాకపోయెడిది. గోటితో పోవుదానిని గొడ్డలి వరకు తెచ్చుకొంటిని.

ఫలితము విచిత్రముగా నుండెను. మధ్యాహ్నపు ఆరిపోవుటలు పూర్తిగా నిలిచినవి. సాయంకాలపువి నిలువలేదు! ఒకే రోగికి రెండు రోగములున్నవన్నమాట. లెక్క వ్రాయకున్నచో, “దుమ్ము దులిపినను ప్రయోజనము లేదు, దుమ్ము కారణము కాదు” అని మరల తప్పుతీర్పు చెప్పియుందును. వేడిమియే సర్వకారణమైనచో మధ్యాహ్నమే ఎక్కువమారులు ఆరవలెను. చల్లబడు వేళ ఆరుట యేమి?

తరువాత ర్యాము అను జ్ఞాపకపు పలకలను చూచితిమి. రెండు పలకలలో ఒకదానిని తీసి ఒకదినము, రెండవదానిని తీసి ఒకదినము నడిపితిమి. వాని బంగారురంగు అంచులను పెన్సిలు చెరుపు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి పెట్టితిమి. ‘మెమ్‌టెస్ట్’ అను పరీక్షను అర్ధరాత్రి మొదలు తెల్లవారువరకు నడిపితిమి. తప్పు ఒక్కటియు కనబడలేదు. మదర్‌బోర్డుమీద చిన్న గొట్టములవలె నిలిచియుండు కెపాసిటరులను బాలుడు ఒక్కొక్కటిగా చూచెను. వాని తలలు ఉబ్బినను, రసము కారినను దోషము. 1999 మొదలు 2007 వరకు చేసిన బోర్డులలో ఇట్టివి లెక్కకు మిక్కిలిగా చెడినవి. మా బోర్డున అన్నియు చదునుగానే యున్నవి. దుకాణమువారు దోషిని చేసిన మదర్‌బోర్డుపై సాక్ష్యమేమియు దొరకలేదు.

ఇక మిగిలినది ఎస్.ఎం.పి.ఎస్. అను ఇనుపపెట్టె. మన యిండ్లకు వచ్చు కరెంటు 230 వోల్టులు. కంప్యూటరు భాగములకు కావలసినవి 12, 5, 3.3 వోల్టులు మాత్రమే. పెద్దకాలువ నీటిని తూము మడికి తగినంత విడుచునట్లు, ఈ పెట్టె కరెంటును తగ్గించి పంచును. దీని లోపలను కెపాసిటరులు ఉన్నవి. అవి చిన్న తొట్లవంటివి. కాలువలో నీరు ఒక్కక్షణము తగ్గినను, తొట్టిలోని నీరు ఆ కొరతను తీర్చును. మంచి పెట్టె, కరెంటు బొత్తిగా రాకున్నను, సెకనులో సుమారు అరువదవ వంతు కాలము యంత్రమును నిలుపును. అది స్వల్పమని తలపకుడు. దీపము మినుకుమను కాలము అంతియే. కాని యేండ్లు గడచినకొలది తొట్లు ఎండును, నిలువ తగ్గును.

మా యూరిలో సాయంకాలము ఆరు గంటలకు దీపములు, ఫ్యానులు, నీటిమోటార్లు ఒక్కమారే పడును. మోటారు లేచు క్షణమున వోల్టేజి పడి మరల లేచును. దీపము ఒకమారు మినుకుమని ఊరకుండును. ఎండిన తొట్లుగల ముసలిపెట్టె ఊరకుండలేక యంత్రమును పడవేయును. పైగా, అట్టి వేళ ఆదుకొనవలసిన యూ.పీ.ఎస్. బ్యాటరీ రెండేండ్ల క్రిందటనే చచ్చినందున, నేను దానిని తీసివేసి కంప్యూటరును నేరుగా గోడకు తగిలించియుంటిని. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. ఆ దొంగకు తలుపు తీసినవాడను నేనే.

ఊహ సరిపోయినంతమాత్రమున తీర్పు చెప్పరాదని ఒకమారు దెబ్బతిని నేర్చితిని గదా! తెలిసిన మరమ్మతుదారు వద్ద మంచి ఎస్.ఎం.పి.ఎస్. ఒకటి ఎరువు తెచ్చి పెట్టించితిమి. ఏడు సాయంకాలములు గడచెను, ఒక్కమారును ఆరలేదు. అది వ్యతిరేకము. ఎనిమిదవనాడు పాతదానినే మరల పెట్టించితిమి. రెండవ సాయంకాలమే రెండుమారులు ఆరెను. అది అన్వయము. ఇక సందేహము లేదు. క్రొత్తది కొని పెట్టించి, యూ.పీ.ఎస్.నకు 12 వోల్టుల క్రొత్త బ్యాటరీ వేయించితిని. అప్పటినుండి యంత్రము తనంత తాను ఆరిపోలేదు.

ఇచ్చట మీకొక హెచ్చరిక. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మార్చవచ్చును కాని, దానిని విప్పి లోపల చేయి పెట్టరాదు. అందు మూడువందల వోల్టులకు పైబడిన విద్యుత్తు ప్లగ్గు తీసిన పిమ్మటను కొంతసేపు నిలిచియుండును. అది ప్రాణాపాయము. పిల్లలకు గట్టిగా చెప్పుడు. మరియొక మాట. ఇంతపాత యంత్రములలో తరచుగా నుండు విండోసు 7నకు రక్షణసవరణలు 2020వ సంవత్సరము జనవరి 14వ తేదీతో ముగిసినవి. వ్రాతకు, చదువునకు వాడుకొనుడు; బ్యాంకు వ్యవహారములకు వాడకుడు.

పెద్దలారా, మనము మన యిండ్లలోను, రచ్చబండపైనను ఎన్నో తగవులలో తీర్పు చెప్పుదుము. పశువు పాలు తగ్గినను, గట్టు తెగినను, పెట్టెలోని పైకము కనబడకున్నను, ఆ వేళ దగ్గరనున్నవాని మీదికే మన చూపు పోవును. వాడు లేనప్పుడును అది జరుగుచున్నదా అని ఒక్కమారు విచారించుటకు ఎంతసేపు పట్టును? నాకు పండ్రెండు దినములు పట్టినది. ఆ పండ్రెండు దినములును ఒక పిల్లవాడు తన యింటి అరుగుమీద కూర్చుండి మా వాకిలివైపు చూచుచుండెనని వాని తల్లి తరువాత చెప్పినది. కంప్యూటరునకు క్రొత్త పెట్టె కొంటిని. ఆ దినములను కొని యియ్యలేను.

వాడిప్పుడు పదవ తరగతి. సాయంకాలము యథాప్రకారము వచ్చుచున్నాడు. క్రొత్త పెట్టె పెట్టిననాడు కూర్చుండి, “ఎక్కడ ఆపామండి, మాష్టారూ?” అని అడిగెను. పుస్తకము చూచి, “గూడ” అంటిని. ఇద్దరు మనుష్యులు చెరియొక ప్రక్క నిలిచి, త్రాళ్లతో ఊపి నీరు ఎత్తిపోయు సాధనము. వాడు దానిని ఎన్నడును చూడలేదట. అర్థము రెండుమారులు చెప్పించుకొని వ్రాసెను.

మీ యూళ్లలోనూ ఇట్టి మాటలు తెలిసినవారు, వ్రాయగల పిల్లలు ఉందురు. వారిని కలుపుడు. వ్రాసినదానికి రెండు ప్రతులు ఉంచుడు.